దిగువమెట్టలో కోటమ్మ కొట్టిన దెబ్బ

కోటమ్మ అల్లుణ్ణి కొట్టిందనే మాట కంభం స్టేషను కాడ బయల్దేరి, రైలుకంటే ముందు అటు గిద్దలూరుకూ ఇటు కురిచేడుకూ చేరింది. పోయిన ప్రతి చోటా కాస్త ఒళ్ళు చేసింది. కురిచేడులో చెప్పుతో కొట్టిందన్నారు. తర్లుపాడులో సద్దిగిన్నెతో అన్నారు. పెద్దారవీడులో, అంటే కోటమ్మ సొంత ఊళ్ళోనే, అల్లుడు తాగొచ్చి పెళ్ళాన్ని తన్నబోతే అడ్డం పోయి కొట్టిందనీ, ఆ దెబ్బకు దేవదానానికి పన్ను కదిలిందనీ చెప్పుకున్నారు. దేవదానం కల్లు ముంత మొహం ఎరగడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి. పెళ్ళాన్ని తన్నడం అటుంచు, గట్టిగా పిలవను కూడా పిలవడు. పళ్ళు అన్నీ ఉండాయి, అనుమానం ఉన్నవాళ్ళు పోయి లెక్కబెట్టుకోవచ్చు.

కొట్టింది మాత్రం నిజం. చేత్తో, ఎడమ చెంప మీద, ఒక్కటంటే ఒక్క దెబ్బ. దానికి ముందు ఏం జరిగిందో తెలియకుండా ఆ దెబ్బ సంగతి చెప్పేవాళ్ళు సగం తిండి వడ్డించి ఆకు తీసేసినట్లే.

అది ముప్పైనాలుగో సంవత్సరం చలికాలం. దేవదానం రైలు పట్టాల మీద కీమ్యాను. రోజూ తెల్లారకముందే భుజాన సుత్తి వేసుకొని నాలుగైదు మైళ్ళు నడిచి, పట్టాను బిగించి పట్టే ఇనప చీలలు వదులైతే కొట్టి బిగించడం అతని పని. మార్కాపురం రోడ్డు స్టేషను పక్కన పట్టాల పనివాళ్ళకని వరసగా కట్టిన గ్యాంగు ఇళ్ళలో ఒక గది, ముందర వసారా అతనికిచ్చినారు. అందులో పెళ్ళాం జ్ఞానమ్మ, ఆరేళ్ళ కూతురు రాహేలు, రెండు నెలల కిందటి దాకా అతని తల్లి మార్తమ్మ. వానాకాలం జ్వరంలో మార్తమ్మ పోయినాక, పెద్దారవీడులో ఒంటరిగా కూలికి పోతా బతికే కోటమ్మను జ్ఞానమ్మ తెచ్చి పెట్టుకుంది. కోటమ్మకు జ్ఞానమ్మ తప్ప బిడ్డలు లేరు. మొగుడు జ్ఞానమ్మ చిన్నప్పుడే పోయినాడు.

అత్త వచ్చి అల్లుడి ఇంట్లో ఉండడమంటే మాటలా? మన వైపు అల్లుడు ఎదురొస్తే అత్త కొంగు మొహం మీదికి లాక్కొని పక్కకు తిరగాల. అతను కూర్చున్న చోట కూర్చోకూడదు, అతను తింటాంటే ఎదుట నిలబడకూడదు, నోరు తెరిచి పలకరించకూడదు. కూతురు పెళ్ళయి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో కోటమ్మ అల్లుడితో ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పాల్సి వస్తే వసారాలో గుంజకు చెప్పేది.

"గుంజా, ఈ పొద్దు జొన్నరొట్టె చేసినా. చల్లారిపోతాండాయని చెప్పు."

లోపలి నుంచి దేవదానం కూడా గుంజకే చెప్పేవాడు. "నాకు ఆకలి లేదు, పిల్లకు పెట్టమను."

రాహేలు ఆ గుంజను చూసి నవ్వేది. "అవ్వా, గుంజకు చెవులెక్కడుండాయి?" అని దాని చుట్టూ తిరిగేది.

ఇట్ల ఉండగా పాసు వచ్చింది. ఏడాదికొకసారి రైలు కంపెనీ పనివాళ్ళకు ఇంటిల్లిపాదీ రైలెక్కి పోయి రావడానికి ఇచ్చే కాగితం అది. దాని మీద పనివాడి పేరు తప్ప మిగతావాళ్ళ పేర్లుండవు. పనివాడు, భార్య ఒకతె, బిడ్డ ఒకతె, విధవ తల్లి ఒకతె అని మాత్రం ఉంటుంది. మార్తమ్మ బతికున్నప్పుడు పెట్టిన అర్జీ, ఆమె పోయినాక మంజూరై వచ్చింది. తల్లి పోయిందని దేవదానం ఆఫీసులో చెప్పలేదు. చెప్పకూడదని కాదు, ఏడుస్తా ఎవడు పోయి చెప్తాడు, అట్ల ఉండిపోయింది.

జ్ఞానమ్మ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. చదవడం రాకపోయినా ఎవరెవరికి చోటుందో మొగుడి నోట విని ఉంది.

"ఏమయ్యా, అత్త చోటు ఖాళీగా ఉంది గదా. మాయమ్మను తీసకపోదాం."

"తప్పు జ్ఞానమ్మా. మాయమ్మ అని రాసుంది."

"ఆమె కూడా విధవే గదా. ఆమె కూడా తల్లే గదా, నాకు. పుట్టినకాణ్ణుంచి పొలంలో నడుం వంచి కలుపు తీస్తా, నడుం ఎత్తినప్పుడల్లా పడమటి దిక్కు నల్లమల చూసింది. ఒక్క పూట లోపలికి పోయి చూసి రానీ. దిగువమెట్ట దాకా పోయి, ఆ రాత్రికే ఇంట్లో ఉంటాం."

"పట్టుకుంటే ఉద్యోగం పోతాది. పోయినేడు ఎవడో బామ్మర్దిని తమ్ముడని ఎక్కించినాడని తీసేసినారు. ఉద్యోగం పోతే ఈ గది కూడా పోతాది. నలుగురం ఏ చెట్టు కింద ఉండాల?"

ఆ మాట వసారాలో ఉన్న కోటమ్మ చెవిన పడింది. ఆమె గుంజతో అనింది. "గుంజా, నాకు ఏ కొండలూ వద్దు. ఇక్కణ్ణుంచి కనపడేవి చాలు."

అట్ల అని ఊరుకుంటే బాగుండు. మూడు రోజులు ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తలేదు. నాలుగో రోజు దేవదానం పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటా గుంజవైపు తిరక్కుండానే అన్నాడు. "శనివారం పొద్దున బండికి సద్ది కట్టమను. నలుగురికీ."

శుక్రవారమంతా కథ సిద్ధం చేసుకున్నారు. ఏ ఊరని అడిగితే ఏం చెప్పాల, మొగుడు ఎట్ల పోయినాడంటే ఏం చెప్పాల, అన్నీ జ్ఞానమ్మ తల్లి చేత వల్లె వేయించింది. పిల్ల నోటి భయం వాళ్ళకు లేదు. మన దిక్కు అమ్మ తల్లినీ నాయన తల్లినీ అవ్వ అనే పిలుస్తారు. ఇంకేం కావాల? ఎక్కడా లొసుగు లేదనుకున్నారు. అందరి కళ్ళ ముందర రోజూ ఉండేదొకటి ఉంది, అదే ఎవరికీ తోచలేదు.

బండిలో జనం తక్కువ. జ్ఞానమ్మ, రాహేలు ఒక బల్ల మీద కూర్చున్నారు. కోటమ్మ ఎదుటి బల్ల చివర కిటికీ పక్కన కూర్చుని, దేవదానం లోపలికి రాగానే కొంగు లాక్కొని గోడవైపు తిరిగింది. దేవదానం కూర్చోలేదు. తలుపు కాడ నిలబడినాడు. వాళ్ళు రోజూ ఉండేటట్లే ఉన్నారు.

తర్లుపాడు దాటింది. సజ్జ చేలు, రాతి గుట్టలు, మేకల మందలు. కంభం వస్తాంటే పడమట కొండలు దగ్గరికి జరిగినాయి. ఆ గుట్టల చాటున పెద్ద చెరువుందని పక్క బల్ల మీదున్న ఒక పెద్దాయన చూపించినాడు, రాజుల కాలం నాటిదట, కొండకూ కొండకూ కట్ట వేసినారట. కోటమ్మ కొంగు సందులోంచి చూసింది. మొదటిసారి ఆమె పెదవి కదిలింది, "అబ్బ" అన్నట్లు.

కంభంలో నల్ల కోటు వేసుకున్న టిక్కెట్టు కలెక్టరు ఎక్కినాడు. పేరు హనుమంతరావు, కొత్తగా ఈ దారికి వచ్చిన మనిషి. సన్నగా, నెమ్మదిగా మాట్లాడేవాడు. అరిచేవాళ్ళకంటే అట్లాంటివాళ్ళతోనే భయం. పాసు తీసుకొని రెండుసార్లు చదివినాడు.

"భార్య. బిడ్డ. తల్లి." ఒక్కొక్కరినీ చూసినాడు. కోటమ్మ దగ్గర చూపు ఆగింది. "పాపా, ఈమె ఎవరమ్మా?"

"అవ్వ" అనింది రాహేలు.

"మంచిది." పాసు ఇంకా చేతిలోనే ఉంది. "ఏమయ్యా దేవదానం, నువ్వు తలుపు దగ్గర నిలబడినావేం? మీ అమ్మ పక్కన అంత చోటుంటే?"

"గాలి కోసమండి."

"ఓహో. ఆమె ముసుగు కూడా గాలికేనా?"

దేవదానానికి అప్పుడు తెలిసింది ఏం మరిచిపోయినారో. జ్ఞానమ్మ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

"నాకూ తల్లి ఉంది. నన్ను చూసి కొంగు కప్పుకోదు. కప్పుకునేది ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు" అన్నాడు హనుమంతరావు.

"మాటలు లేవండి మాకు" అన్నాడు దేవదానం. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట. "పోట్లాడుకున్నాం. అమ్మకు కోపం."

"ఎప్పటినుంచి?"

"చాన్నాళ్ళయిందండి." అది ఒక్కటే నిజం.

హనుమంతరావు పాసు మడిచి తన కోటు జేబులో పెట్టుకున్నాడు. "నేనూ దిగువమెట్టలోనే దిగుతా. తిరుగు బండి కూడా నాదే. సాయంత్రం లోపల తల్లీ కొడుకుల కోపం తీరి ఆమె నీతో మాట్లాడితే నీ కాగితం నీకిస్తా. తీరకుంటే గిద్దలూరులో దించి రిపోర్టు రాయాల్సొస్తుంది. రాయడం నాకు సరదా కాదు."

గిద్దలూరులో బండి నీళ్ళు పట్టుకున్నంతసేపూ కిందికి దిగలేదు ఎవరూ. పాత ఊరు, కొండల ఒళ్ళో కూర్చున్నట్లుంటుంది, దిగి ప్లాట్‌ఫారం చివర నిలబడితే ఎంత బాగుంటుందో అని వారం రోజులుగా చెప్పుకున్న ఊరు. రాహేలు శెనక్కాయలు కావాలని ఏడిస్తే జ్ఞానమ్మ దాని నోరు మూసింది.

దిగువమెట్టలో దిగేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అక్కణ్ణుంచి రైలు అడవిలోకి ఎక్కుతుంది. మూడు పక్కలా కొండ, కొండ నిండా వెదురు, పైన ఆకాశం చాప పరిచినంత. ఇంజను పొగ కొండ మీద చెట్ల సందుల్లో చిక్కుకొని ఎంతసేపటికీ పోదు. స్టేషను ఎదుట చింతచెట్టు కింద కూర్చున్నారు వాళ్ళు. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చొని హనుమంతరావు తన టిఫిన్ గిన్నె విప్పినాడు. మధ్యలో నూరడుగులు కూడా లేవు.

"అమ్మా, ఆయనకు నువ్వు పెట్టు రొట్టె. ఆ టిక్కెట్టు కలెక్టరు చూస్తాండాడు" అనింది జ్ఞానమ్మ, పెదవులు కదపకుండా.

కోటమ్మ రొట్టె తీసుకుంది. దాని మీద కారం పెట్టింది. లేచింది. రెండడుగులు వేసింది. దేవదానం కూడా చెయ్యి చాచినాడు, తల మాత్రం పక్కకు తిప్పుకొని. ఆమె చెయ్యి సాగలేదు. రొట్టెను పిల్ల చేతికిచ్చి, "మీ నాయనకియ్యి" అని గుసగుసగా చెప్పి వెనక్కి వచ్చింది.

బెంచీ మీద హనుమంతరావు మజ్జిగ తాగుతా చూసినాడు.

"ఏందమ్మా ఇది! ఒక్క మాట. 'తిను నాయనా' అనలేవా? ఆయన ఉద్యోగం!" అనింది జ్ఞానమ్మ.

"నాకు తెలవదా అమ్మీ ఉద్యోగమని? పొద్దున్నుంచి గొంతులో పెట్టుకోనుండా ఆ మాట. పైకి రాదే. మాయమ్మ నా పెండ్లయినాక చచ్చేదాకా మీ నాయనతో మాట్లాడలే. మాట్లాడితే ఆయన మర్యాద పోతాది, నీ కాపురం మర్యాద పోతాది అని చెప్పింది. ఇప్పుడు ఉత్తగా, వాడెవుడో చూస్తాండాడని, తియ్యమంటే ఎట్ల తియ్యను నోరు?"

"మర్యాద ఎక్కడుంటాది గది పోయినాక?"

కోటమ్మ ఏడవలేదు. అది చూసే జ్ఞానమ్మకు భయమేసింది. తల్లి చెట్టు మొదలుకు మొహం పెట్టి, పిల్లలు పాఠం వల్లించినట్లు, "తిను నాయనా, తిను నాయనా" అని మెల్లిగా అనుకుంటాంది. కొండలు చూడ్డానికి వచ్చి చెట్టు బెరడు చూస్తాంది.

పొద్దు వాలింది. తిరుగు బండికి ఇంకొక గంట. దేవదానానికి అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. పట్టాల వెంబడి నడిచినాడు. పనిచేసే మనిషి కళ్ళు సెలవు తీసుకోవు గదా, ప్లాట్‌ఫారం దాటిన కాడ ఒక చీల వదులై ఉండడం కనపడింది. తన హద్దు కాదది, తన పట్టా కాదు. అయినా ఒక రాయి ఏరుకొని, పట్టాల మధ్య గొంతుక్కూర్చుని, కొడతా ఉన్నాడు. కొట్టడంలో నిమ్మళం ఉంది.

కొండెక్కే ఘాటు దారి మీదికి గూడ్సును వెనకనుంచి తోసిన ఇంజను అప్పుడు ఒంటరిగా కిందికి తిరిగొస్తాంది. పల్లంలో దిగే ఇంజనుకు ఆవిరి అక్కర్లేదు, చప్పుడు చెయ్యదు. మలుపు తిరిగి నల్లగా ఊరకే జారతా వచ్చింది.

ముందు చూసింది కోటమ్మ. ఆమెకు సిగ్నళ్ళు తెలియవు. పట్టా మీద చెయ్యి పెడితే బండి ఎంత దూరంలో ఉందో కీమ్యాన్లకు తెలుస్తుందని కూడా తెలియదు. వెన్ను ఇటు పెట్టి కూర్చున్న మనిషీ, ఆ మనిషి మీదికి వచ్చే ఇంజనూ, అంతే కనపడినాయి.

"ఒరేయ్ దేవదానం!"

ఆ కేకకు హనుమంతరావు చేతిలో గిన్నె మూత కింద పడింది.

"లేవరా! ఒరేయ్! చెవుడా నీకు?"

అరవై దగ్గర పడిన మనిషి చీర మోకాళ్ళకు ఎగ్గట్టి, కంకర మీద ఉత్త కాళ్ళతో పరిగెత్తింది. వెనక జ్ఞానమ్మ "అమ్మా" అని అరుస్తా, పిల్లను చంకనేసుకొని. కోటమ్మ అతని చొక్కా భుజం కాడ పట్టుకొని ఈడ్చింది. ఇద్దరూ పట్టా దాటి గడ్డిలో పడినారు. ఇంజను ఇంకా వంద గజాల అవతలే ఉంది, నింపాదిగా వచ్చి, నింపాదిగా పోయింది. డ్రైవరు తల బయట పెట్టి ఏందిది అన్నట్లు చూసినాడు కూడా.

కోటమ్మ లేచి, దేవదానం లేస్తాంటే చెంప మీద కొట్టింది.

"పెండ్లాం బిడ్డను ఎవుని నెత్తిన పెడదామని కూర్చున్నావురా పట్టా మీద? నీకు బుద్ధుందా? రోజూ ఇంతేనా నువ్వు చేసేది? రోజూ ఇట్లనే కూర్చుంటావా బండ్లకు ఎదురుగా? నేను రొట్టెలు చేసి కూర్చుంటే నువ్వు ఇట్ల..." మాట ఆగిపోయి, అతని మోచేతికి అంటిన మట్టి కొంగుతో దులపడం మొదలుపెట్టింది. కొంగు మొహం మీద లేదు. ఎప్పుడో జారిపోయింది.

దేవదానం ఆమె మొహం చూసినాడు. అత్త ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందని అతనికి ఆ సాయంత్రమే తెలిసింది.

"సిగ్నలు చూసినా" అన్నాడు, చెంప తడుముకుంటా. "ఇంకా టైముండాది. రోజూ చేసే పనే."

"టైమంట! ఎదురు మాట్లాడతావా మళ్ళీ?"

చెయ్యి మళ్ళీ లేచింది గానీ జ్ఞానమ్మ పట్టుకుంది. రాహేలు ఏడవాలో నవ్వాలో తెలియక నోట్లో వేలు పెట్టుకుంది.

హనుమంతరావు ప్లాట్‌ఫారం చివర దాకా వచ్చి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో ఎవరూ చూడలేదు. కోటు జేబులోంచి పాసు తీసి, మోకాలి మీద పెట్టి, పెన్సిలుతో సంతకం చేసి దేవదానం చేతికిచ్చినాడు.

"కోపం తీరినట్లుంది" అన్నాడు.

తిరుగు బండిలో నలుగురూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఎట్ల కూర్చున్నారో వాళ్ళకే తెలియదు. కోటమ్మ కాళ్ళు కంకరకు కోసుకుపోయి రక్తం కారతాంటే, దేవదానం తన తువ్వాలు చింపి జ్ఞానమ్మ చేతికిచ్చినాడు, కట్టమని. కిటికీలో కొండలు నల్లబడతా వెనక్కి పోయినాయి. కోటమ్మ అప్పుడు చూసింది వాటిని, కొంగు అడ్డం లేకుండా, గిద్దలూరు వచ్చేదాకా.

గిద్దలూరులో హనుమంతరావు దేవదానాన్ని తలుపు దగ్గరికి పిలిచినాడు. "సోమవారం పోయి మీ ఆఫీసులో మీ ఇంటి లెక్క సరిగ్గా రాయించు. ఎవరున్నారో, ఎవరు లేరో." పోబోతా వెనక్కి తిరిగి, "మా అత్తగారు మా ఇంటికొస్తే వంటింటి తలుపు రెక్కతో మాట్లాడుతుంది. ఇరవై ఏళ్ళయింది" అని, పక్క పెట్టెలోకి పోయినాడు.

మరుసటి సోమవారం దేవదానం పోయి తల్లి చనిపోయిందని రాయించినాడు. రాయించి వచ్చి వసారాలో కూర్చుని చాలాసేపు ఏడ్చినాడు. రెండు నెలలకు వచ్చిన ఏడుపు అది. కోటమ్మ మళ్ళీ ఏ రైలూ ఎక్కలేదు.

అదీ జరిగింది. ఆ ఇంజను డ్రైవరు కంభంలో చెప్పినాడు, కంభంలో విన్నవాళ్ళు ఊరూరా చెప్పినారు, చెప్పుతో కొట్టడం, పన్ను కదలడం దారిలో కలిసినాయి.

ఇంకొక మాట కూడా ఆడిపోసుకుంటాండారు, అది మాత్రం నిజమే. కోటమ్మకు ఇప్పుడు ముసుగు లేదు. "దేవదానం, బువ్వకు రా, ఎంతసేపు పిలవాల" అని వీధి వినేటట్లు పిలుస్తుంది. మొదట్లో రెండు రోజులు కొంగు కప్పుకొని చూసింది, గుంజతో మాట్లాడి చూసింది. కుదరలేదు. చర్చిలో ఆడవాళ్ళు మూతి తిప్పుకున్నారు. కొందరైతే, అంతా నాటకమే, టిక్కెట్టు కలెక్టరు చూస్తాండాడని కావాలనే పరిగెత్తింది, కావాలనే కొట్టింది, మహా గడుసుది అన్నారు.

ఎదురింటి సౌభాగ్యమ్మకు ఆ మాట ఎంతకూ కడుపులో ఇమడలేదు. ఎవరినడిగినా తలా ఒకటి చెప్తాండారు, అడగాల్సిన మనిషిని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. మొన్న చింతపండు గింజలు తీస్తా ఇద్దరే ఉన్నప్పుడు అడిగేసింది.

"కోటమ్మా, దాచకుండా చెప్పు. ఆ టిక్కెట్టు కలెక్టరు చూస్తాండాడని కొట్టినావా, అల్లుడు చస్తాడని కొట్టినావా?"

కోటమ్మ చేతిలో ఉన్న కాయ గింజ తీసి, పండు చాటలో వేసి, అప్పుడు అనింది.

"చెయ్యి పోయినాక గదక్కా, అది ఎవరి చెంపో నేను చూసుకునింది."